జ్వరం తగ్గిన రోజే పిల్ల చల్లబడితే? పిల్లల్లో ప్రాణాపాయాన్ని ఇంట్లో గుర్తించడం ఎలా

పటమట_వాసి

మా అన్నయ్య కూతురికి ఏడేళ్లు. గత వర్షాకాలంలో ఆ అమ్మాయికి 103 డిగ్రీల జ్వరం వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ కంగారుపడి దగ్గరలోని క్లినిక్కుకు తీసుకువెళ్లాం. రక్తపరీక్షలో డెంగీ అని తేలింది. ప్లేట్‌లెట్లు లక్షకు పైనే ఉన్నాయి కాబట్టి భయం లేదని, జ్వరం పెరిగితే మళ్లీ తీసుకురమ్మని చెప్పి పంపారు. ఐదో రోజున జ్వరం పూర్తిగా దిగింది. గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ సాయంత్రానికే అమ్మాయి కడుపునొప్పి అంటూ ముడుచుకుని పడుకుంది, తిన్నది తిన్నట్టే వాంతి చేసుకుంది, పాదాలు చల్లబడ్డాయి, పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసుకుంది. జ్వరం వదిలిన నీరసమేనని పెద్దవాళ్లు అంటూ ఉండగా, పక్క వాటాలో ఉండే నర్సు గారు అరికాలు పట్టుకుని చూసి అప్పటికప్పుడు బయలుదేరదీశారు. పీఐసీయూలో (పిల్లల ఐసీయూలో) చేర్చే సమయానికి పిల్ల షాక్‌లో ఉందని, అంటే అవయవాలకు రక్తం చాలినంత అందడం లేదని వైద్యులు చెప్పారు. ఇప్పుడు క్షేమంగా బడికి వెళుతోంది.

నా ఫిర్యాదు ఒక్కటే. జ్వరం పెరిగితే రమ్మన్నవారు, జ్వరం తగ్గాక ఏమి చూడాలో ఎందుకు చెప్పలేదు? థర్మామీటరు తప్ప మరో కొలమానం మా ఇళ్లలో ఎవరికీ తెలియదు. చంటిపిల్లల్లోగాని, బడి వయసు పిల్లల్లోగాని తెల్లవారేదాకా ఆగకూడని పరిస్థితిని మామూలు మనుషులు ఎలా గుర్తించాలి? వైద్యులే కాక, ఇటువంటివి దగ్గరుండి చూసిన తల్లిదండ్రులు కూడా రాస్తే మేలు.

రాత్రిడ్యూటీ_డాక్టరు

విజయవాడలో పిల్లల ఐసీయూలో పనిచేస్తున్నాను. మీరు రాసినది డెంగీలో మేము తరచుగా చూసే వరుసే. జ్వరం మొదలైన 3వ రోజుకూ 7వ రోజుకూ మధ్య, సరిగ్గా జ్వరం దిగే వేళకు, సన్నని రక్తనాళాల గోడల నుంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, బయటకు కారడం మొదలవుతుంది. ఈ దశ 24 నుంచి 48 గంటలు ఉంటుంది. నాళాల్లో ద్రవం తగ్గి రక్తం చిక్కబడుతుంది, కాళ్లూ చేతులూ చల్లబడతాయి. పిల్లలను ఎక్కువగా ప్రమాదంలోకి నెట్టేది ఈ కారడమే గాని ప్లేట్‌లెట్లు పడిపోవడం కాదు. అందుకే మేము ప్లేట్‌లెట్లతో పాటు, రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే పీసీవీ అనే అంకె ఎంత పెరిగిందో చూస్తాం. విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మగత లేదా అంతులేని చిరాకు, గంటల తరబడి మూత్రం రాకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా జ్వరం ఉందా లేదా అన్నది చూడకుండా బయలుదేరాలి.

ఇక మీ అసలు ప్రశ్న. ఐసీయూకి పిల్లను తెచ్చినప్పుడు మేము ముట్టుకోక ముందే, గుమ్మం దగ్గర నుంచే అర నిమిషంలో మూడు సంగతులు చూస్తాం. మొదటిది వాలకం: పిల్ల మనవైపు చూస్తోందా, ఒళ్లు బిగువుగా ఉందా లేక గుడ్డపీలికలా వేలాడుతోందా, తల్లి ఎత్తుకుంటే ఏడుపు తగ్గుతోందా, ఏడుపులో బలం ఉందా. రెండోది ఊపిరి: ముక్కుపుటాలు అదురుతున్నాయా, పక్కటెముకల కింద గుంటలు పడుతున్నాయా, ఊపిరి వదిలేటప్పుడు మూలుగు వినిపిస్తోందా. మూడోది చర్మం: పాలిపోయిందా, మచ్చలు మచ్చలుగా ఉందా, పెదవులు నీలంగా ఉన్నాయా. వీటికి పరికరం అక్కరలేదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి చెడినా అది తొందరపడవలసిన పిల్ల అని అర్థం. రెండు చెడితే ఒక్క క్షణం కూడా వృథా చేయకూడదు.

బీపీ గురించి కూడా ఒక మాట చెప్పాలి. ‘బీపీ బాగానే ఉంది’ అన్న మాట పిల్లల విషయంలో ధైర్యం ఇవ్వదు. ద్రవం తగ్గినప్పుడు పిల్లల శరీరం గుండె వేగం పెంచి, చర్మానికీ కాళ్లుచేతులకూ పోయే నాళాలను బిగించి, బీపీని చివరిదాకా నిలబెడుతుంది. అప్పు చేసి ఇల్లు గడిపే సంసారం పైకి ఎంత నిబ్బరంగా కనిపిస్తుందో ఇదీ అంతే. బీపీ పడిపోయే సరికి ఆ పిల్ల అప్పటికే చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది. డెంగీలో పై అంకెకూ కింది అంకెకూ మధ్య తేడా 20కి తగ్గితే, పై అంకె మామూలుగా ఉన్నా దానిని షాక్‌గానే లెక్క వేస్తాం.

గుణదల_అమ్మమ్మ

డాక్టరు గారు ఊపిరి గురించి రాసినదాన్నే మా ఇళ్లలో డొక్కలు ఎగరేయడం అంటారు. చొక్కా విప్పి చూస్తే గాని అది కనిపించదు. చలికాలమని మూడు పొరలు చుట్టి పడుకోబెట్టిన పిల్లవాడిలో దానిని ఎవరూ చూడలేరు.

లెక్క_కావాలి

వాలకం, రంగు అన్నవి చూసేవారి అనుభవాన్ని బట్టి మారతాయి. మొదటి బిడ్డ తల్లికి ప్రతి ఏడుపూ ప్రమాదంగానే తోస్తుంది. ఇన్ని సెకన్లు, ఇంత సంఖ్య అని చెప్పగలిగితే తప్ప ఇది ఇంట్లోవాళ్లకు ఉపయోగపడదని నా అభిప్రాయం. ఇంట్లో పల్స్ ఆక్సిమీటరు కొని పెట్టుకుంటే సరిపోదా?

సిస్టర్_కొత్తపేట

గుంటూరులో పిల్లల వార్డులో చాలాకాలంగా పనిచేస్తున్నాను. లెక్క_కావాలి గారికి కావలసిన అంకెలు ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2 నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు గాని అంతకంటే ఎక్కువగాని, 2 నెలల నుంచి ఏడాది లోపు బిడ్డ 50 గాని అంతకంటే ఎక్కువగాని, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు 40 గాని అంతకంటే ఎక్కువగాని ఊపిరి తీస్తుంటే అది వేగమైన ఊపిరి. బిడ్డ నిద్రలోనో, ప్రశాంతంగానో ఉన్నప్పుడు పొట్ట కనిపించేలా బట్ట తొలగించి నిండు నిమిషం లెక్కపెట్టాలి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించకూడదు, ఎందుకంటే పసికందులు కొద్ది సెకన్లు ఆపి మళ్లీ గబగబా పీలుస్తారు. 2 నెలల లోపు బిడ్డలో 60 గాని అంతకంటే ఎక్కువగాని వస్తే మరొకసారి లెక్కపెట్టి నిర్ధారించుకోవాలి.

రక్తప్రసరణకు కూడా లెక్క ఉంది. గోరు మీదగాని, ఛాతీ ఎముక మీదగాని ఐదు సెకన్లు నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. మూడు సెకన్లు దాటితే, గది చల్లగా లేకపోతే, అది మంచి గుర్తు కాదు.

ఆక్సిమీటరు విషయంలో మాత్రం మీతో ఏకీభవించను. పెద్దవాళ్ల వేలికి పెట్టే క్లిప్పు పసిబిడ్డ వేలికి కుదరదు. కాళ్లుచేతులు చల్లబడిన పిల్లలో అది సరిగా చదవదు, అంటే మనకు అత్యవసరంగా కావలసిన సమయంలోనే అది పనికి రాకపోవచ్చు. పైగా 97 కనిపించిందని డొక్కలు ఎగరేస్తున్న పిల్లను ఇంట్లో ఉంచుకున్నవారిని చూశాను. ఆ పిల్ల ఆ 97ను నిలబెట్టడానికి ఎంత కష్టపడుతోందో ఆ యంత్రం చెప్పదు.

ఇద్దరు_పిల్లల_తల్లి

మా ఆయన ఊపిరి లెక్కపెట్టడానికి వంగి కూర్చుంటే మా చిన్నవాడు ఆయన ముఖం చూసి నవ్వడం మొదలుపెడతాడు. లెక్క తప్పుతుంది గాని సగం దిగులు అక్కడే తీరిపోతుంది.

రాత్రిడ్యూటీ_డాక్టరు

మీరు సరదాగా రాసినా అది నిజమైన పరీక్షే. మనిషిని చూసి నవ్వే పసిబిడ్డ మెదడుకు ఆ క్షణాన రక్తం, ఆక్సిజన్, చక్కెర తగినంత అందుతున్నాయని చాలావరకు నమ్మవచ్చు.

లెక్క_కావాలి

సిస్టర్ గారి అంకెలు రాసిపెట్టుకున్నాను, కృతజ్ఞతలు. నా సందేహం మాత్రం పూర్తిగా తీరలేదు. ప్రతి ఇంట్లో ఇలా లెక్కపెట్టి పరుగెత్తితే క్యాజువాలిటీలో రద్దీ పెరిగి, నిజంగా ప్రమాదంలో ఉన్న బిడ్డ వరుసలో వెనక్కి పోదా?

సిస్టర్_కొత్తపేట

వరుసలో ఎవరు ముందు వచ్చారన్నది చూసే చోట అది జరుగుతుంది. దానికి మందు ట్రయాజ్. వచ్చిన ప్రతి పిల్లనూ గుమ్మంలోనే ఒకరు చూసి, ఊపిరి ఆడనివారిని, షాక్‌లో ఉన్నవారిని, ఫిట్స్ వస్తున్నవారిని, స్పృహ లేనివారిని చీటీ కూడా రాయించకుండా లోపలికి పంపాలి. ఆఫ్రికాలోని మలావీలో, బ్లాంటైర్ ప్రభుత్వ ఆసుపత్రిలో ఎలిజబెత్ మోలినో బృందం ఈ పద్ధతి పెట్టి, సిబ్బందికి అత్యవసర చికిత్సలో శిక్షణ ఇచ్చిన తరువాత ఆసుపత్రిలో చేరిన పిల్లల మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. కొత్త యంత్రాలు కొనడం కంటే ఎవరిని ముందు చూడాలన్న క్రమమే అక్కడ ఎక్కువ మేలు చేసింది. మన తల్లిదండ్రులు చేయగలిగినది ఏమిటంటే, ఓపీ చీటీ వరుసలో మౌనంగా నిలబడకుండా ‘బిడ్డ పాలు పట్టడం లేదు, ఊపిరి ఆడడం లేదు’ అని గట్టిగా చెప్పడం. అది గొడవ చేయడం కాదు.

బ్రాడీపేట_కోడలు

మా చెల్లి బిడ్డకు ఇంకా నెల నిండలేదు. నిన్నటి నుంచి పాలు తక్కువ తాగుతోంది, ఒళ్లు చల్లగా ఉంది, జ్వరం ఏమీ లేదు. స్నానం చేయించే ఆవిడ కఫం పట్టిందంటూ ముక్కులో నూనె చుక్కలు వేస్తానంటోంది. వేయించవచ్చా?

సిస్టర్_కొత్తపేట

నూనె వద్దు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది. అది మామూలు న్యుమోనియా కంటే మొండిది. అంతకంటే ముఖ్యమైన మాట, ఈ జవాబు చదివిన వెంటనే బిడ్డను ఆసుపత్రికి తీసుకువెళ్లండి. నెల లోపు బిడ్డ పాలు మానడం, చల్లబడడం రక్తంలో ఇన్ఫెక్షన్‌కు మొదటి గుర్తులు కావచ్చు. ఆ వయసులో ఒళ్లు కాలడం ఎంత ప్రమాదమో చల్లబడడమూ అంతే ప్రమాదం. దారిలో బిడ్డ బట్టలు విప్పి తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం ఆనేలా పెట్టి, టోపీ తొడిగి, పైన చీర కప్పండి. బిడ్డ గుటక వేయగలిగితే పాలు పట్టండి.

గుణదల_అమ్మమ్మ

సిస్టర్ గారి మాట విని వెంటనే వెళ్లండమ్మా. మా అమ్మ కాలంలో ముక్కులో నూనె, నోట్లో ఆముదం పోసేవారు. నా మనుమలకు నేను పోయనివ్వలేదు. నూనె రాయాలనుకుంటే ఒంటికి రాస్తే చాలు.

బ్రాడీపేట_కోడలు

వెళ్లాం. బిడ్డ రక్తంలో చక్కెర బాగా తగ్గిందని ముందు గ్లూకోజ్ ఎక్కించి, యాంటీబయాటిక్ మొదలుపెట్టి ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) ఉంచారు. ఏ క్రిమి ఉందో తేల్చడానికి రక్తం కల్చర్‌కు పంపారు. ఈ సాయంత్రం ఏడుపు కాస్త గట్టిగా వినిపించింది.

రాత్రిడ్యూటీ_డాక్టరు

ఆ ఏడుపు మంచి కబురు. అమ్మగారిని పాలు పిండి పంపుతూ ఉండమనండి.

మాచర్ల_బిడ్డ

పట్నం చర్చలో పల్లె సంగతి కూడా ఒకటి చేర్చాలి. మాది మిరప, పత్తి పండే ప్రాంతం. మా వీధిలో ఆరేళ్ల పిల్లవాడిని కట్టెల మోపు దగ్గర తేలు కుట్టింది. నొప్పి కంటే ముందు ఒళ్లంతా చెమటలు పట్టాయి, చేతులు చల్లబడ్డాయి, వాంతులయ్యాయి. దగ్గరలో ఉన్న ఒక చోట చేర్చుకుని సెలైన్ మీద సెలైన్ ఎక్కించారు. అర్ధరాత్రికి పిల్లవాడు ఆయాసపడుతూ నురగ కక్కుతుంటే అప్పుడు గుంటూరు తీసుకుపొమ్మన్నారు, ఆక్సిజన్ కూడా ఇవ్వలేదు. వందకు పైగా కిలోమీటర్ల దారి. దేవుడి దయ వల్ల బతికాడు. అందుకే నేను చెప్పేది, పిల్లలకు ప్రాణం మీదికి వస్తే మధ్యలో ఎక్కడా ఆగకుండా నేరుగా పెద్ద ఆసుపత్రికి పోవాలి.

ఈఎంటీ_సత్తెనపల్లి

108లో పనిచేస్తున్నాను. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో ఈ సర్వీసు మొదలైన నాటి నుంచీ వినిపిస్తున్న వాదన ఇదే, ‘ఎక్కడా ఆపవద్దు, నేరుగా గుంటూరు పోనివ్వండి’ అని. మాచర్ల_బిడ్డ గారి బాధ అర్థమవుతుంది గాని, అన్ని సందర్భాల్లో ఆ మాట నడవదు. పిల్లల్లో గుండె ఆగిపోవడానికి ఎక్కువసార్లు మొదటి కారణం గుండె కాదు, ఊపిరి గాని షాక్ గాని. ఊపిరి ఆడని పిల్లను ఆక్సిజన్ లేకుండా ఆటోలోనో, సొంత కారులోనో రెండు గంటలు తీసుకుపోతే, పెద్ద ఆసుపత్రి గుమ్మం చేరేది పిల్ల కాదు. పిడుగురాళ్లలోనో సత్తెనపల్లిలోనో పది నిమిషాలు ఆగి ఆక్సిజన్ పెట్టించుకుని, ఫిట్స్ ఆపించుకుని, చక్కెర చూపించుకుని బయలుదేరితే ఆ పది నిమిషాలే ప్రాణం నిలబెడతాయి.

దారిలో ఎలా పట్టుకోవాలన్నది కూడా చాలామందికి తెలియదు. ఆయాసపడే పిల్లను బలవంతంగా వెల్లకిలా పడుకోబెట్టకండి. తల్లి ఒడిలో తనకు వీలైన భంగిమలో కూర్చోనివ్వండి. మాస్కు చూసి భయపడితే ముఖానికి అదిమి పట్టవద్దు, దగ్గరగా పట్టుకుంటే చాలు. ఏడిపిస్తే గొంతు వాచిన పిల్లకు ఊపిరి ఇంకా బిగుసుకుంటుంది. స్పృహ లేని పిల్ల ఊపిరి పీలుస్తుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. దగ్గరలో పేరున్న ఆసుపత్రి ఏదో వెతకడం కంటే పిల్లల ఐసీయూ మంచం ఖాళీగా ఉన్నది ఏదో ఫోన్‌లో కనుక్కోవడం మేలు. మేము ముందుగా ఫోన్ చేస్తే అక్కడ మందులు సిద్ధం చేసి ఉంచుతారు.

మాచర్ల_బిడ్డ

ఆగిన చోట ఆక్సిజన్ సిలిండరు ఖాళీగా ఉంటే? ఆ ప్రశ్నకు మీరు జవాబు చెప్పలేదు.

రాత్రిడ్యూటీ_డాక్టరు

మీ ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది, తేడా జబ్బును బట్టి వస్తుంది. ఊపిరి, స్పృహ, ఫిట్స్, షాక్, ఈ నాలుగింటిలో ఏదైనా ఉంటే ఆక్సిజన్, సూది వేయగల మనిషి ఉన్న మొట్టమొదటి చోట ఆగాలి. అవి అక్కడ ఉన్నాయో లేదో 108కు ఫోన్ చేసినప్పుడే అడగండి. ఖాళీ సిలిండరు ఉన్న చోట ఆగమని నేను కూడా చెప్పను. పిల్లవాడు తెలివిగా ఉండి, ఊపిరి బాగుండి, చేయి విరిగిందనో కడుపులో ఏదో అడ్డుపడిందనో అయితే నేరుగా శస్త్రచికిత్స జరిగే చోటికి పోవడం సరైనది.

తేలు గురించి మాట్లాడాలి, ఎందుకంటే మీ వీధి పిల్లవాడికి జరిగినది చాలా బోధిస్తుంది. ఎర్రతేలు విషం శరీరంలో అడ్రినలిన్ వంటి రసాయనాలను ఒక్కసారిగా వదిలిస్తుంది. నాళాలు బిగుసుకుంటాయి, గుండె కండరం అలసిపోతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. చల్లని చేతులు చూసి మామూలు షాక్ అనుకుని ధారాళంగా సెలైన్ ఎక్కిస్తే ఆ నీరు నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊరిలో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలోనే ప్రాజోసిన్ అనే చవకైన బీపీ మాత్ర దీనికి పనిచేస్తుందని చూపించారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. తేలు కాటుకు చెమటలు, వాంతులు, చల్లని చేతులు తోడైతే ఆ మాత్ర ఉన్న చోటికి వెంటనే చేర్చాలి. మోతాదు బరువును బట్టి వైద్యుడు నిర్ణయించాలి, ఇంట్లో ఇవ్వకూడదు.

పీజీ_గుంటూరు

సార్, ఒక భిన్నాభిప్రాయం. మాకు బోధించినది షాక్ కనిపిస్తే ముందు కిలో బరువుకు 20 మిల్లీలీటర్ల బోలస్ (ఒక్క విడతగా వేగంగా ఎక్కించే సెలైన్) ఇవ్వమని. తేలు కాటు వేరు అని ఒప్పుకుంటాను, కాని ఇంట్లోవాళ్లు చదివే చోట ‘సెలైన్ ప్రమాదం’ అన్న మాట నాటుకుంటే విరేచనాలతో ఎండిపోయిన పిల్లకు కూడా ద్రవం వద్దంటారేమోనని భయంగా ఉంది.

రాత్రిడ్యూటీ_డాక్టరు

మీ భయం సమంజసమే. విరేచనాల్లో ద్రవమే ప్రాణం, అందులో రెండో మాట లేదు. తీవ్రంగా ఎండిపోయిన పిల్లకు కిలోకు 100 మిల్లీలీటర్ల రింగర్ లాక్టేట్ అనే ద్రవం నాళంలోకి ఎక్కించాలి: ఏడాది లోపు బిడ్డకు మొదటి 30 మిల్లీలీటర్లు ఒక గంటలో, మిగిలిన 70 మిల్లీలీటర్లు ఐదు గంటల్లో, ఏడాది దాటినవారికి మొదటి 30 మిల్లీలీటర్లు అర గంటలో, మిగిలిన 70 మిల్లీలీటర్లు రెండున్నర గంటల్లో.

జ్వరంతో, ఇన్ఫెక్షన్‌తో వచ్చిన షాక్‌లో మాత్రం 2011లో వచ్చిన ఫీస్ట్ అధ్యయనం మమ్మల్ని ఆలోచింపజేసింది. యుగాండా, కెన్యా, టాంజానియాల్లో 3141 మంది పిల్లల మీద జరిగిన ఆ పరీక్షలో, 48 గంటల్లో మరణాలు బోలస్ ఇచ్చినవారిలో సుమారు 10.5 శాతం, ఇవ్వనివారిలో 7.3 శాతం. విరేచనాల పిల్లలనూ, తీవ్ర పోషకాహార లోపం ఉన్నవారినీ ఆ అధ్యయనంలో చేర్చలేదని గుర్తుంచుకోవాలి. వెంటిలేటరు, ఐసీయూ అందుబాటులో లేని చోట్ల జరిగింది కాబట్టి మన పెద్ద ఆసుపత్రులకు అది యథాతథంగా వర్తించదని వాదించేవారు ఉన్నారు, ఆ వాదనలో బలం ఉంది. నేను మాత్రం కిలోకు 10 మిల్లీలీటర్ల చొప్పున ఇచ్చి, ప్రతిసారీ కాలేయం పెరిగిందా, ఊపిరితిత్తుల్లో చప్పుడు వచ్చిందా అని మంచం పక్కనే నిలబడి చూస్తాను. సీసా తగిలించి వెళ్లిపోయేవారి చేతిలో ఏ ద్రవమైనా ప్రమాదమే.

పీజీ_గుంటూరు

మంచం పక్కనే నిలబడడం అన్న మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. నాళం దొరకని పిల్లకు సూది కోసం అరగంట వెతుకుతూ కూర్చోవడం కూడా ఆ కోవలోనిదే. మోకాలి కింద ఎముకలోకి సూది దింపి మందులు ఇవ్వవచ్చని తెలిసినా చాలామంది వెనకాడతారు. ఎముక అన్న మాట విని తల్లిదండ్రులు భయపడవద్దు, అది కొద్ది గంటలకే వాడి తీసివేసే దారి.

బందరుకాలువ_గట్టు

మా వీధిలో కొన్నేళ్ల క్రితం కాలువలో పడిన పిల్లవాడిని పైకి తీసి, కాళ్లు పట్టుకుని తలకిందులుగా తిప్పారు. నీళ్లు కక్కించాలని అందరూ అదే చెప్పారు. అది సరైనదేనా?

ఈఎంటీ_సత్తెనపల్లి

కాదు. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీరు అలా రాదు, పొట్టలోని నీరు బయటికి వచ్చి మళ్లీ ఊపిరిగొట్టంలోకి పోయే ప్రమాదం ఉంది. ఆ తిప్పే సమయమంతా మెదడుకు ఆక్సిజన్ ఉండదు. నీటిలో మునిగిన పిల్ల ఊపిరి పీల్చకపోతే గట్టు మీద పడుకోబెట్టి, గడ్డం పైకి ఎత్తి, ముందు నోటి ద్వారా ఊపిరి ఊదాలి. ఆ తరువాత ఛాతీ నొక్కడం, 30 నొక్కులకు 2 ఊదులు, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో, ఛాతీ లోతులో మూడో వంతు దిగేలా. పక్కన ఉన్నవారు 108కు ఫోన్ చేస్తూ ఉండాలి.

గొంతులో వేరుశనగ గింజో చింతగింజో ఇరుక్కున్నప్పుడు కూడా కనిపించని వస్తువు కోసం వేలు పెట్టి వెతకకండి, ఇంకా లోపలికి పోతుంది. పిల్ల దగ్గగలుగుతుంటే దగ్గనివ్వండి. ఏడాది లోపు బిడ్డ దగ్గలేక, ఏడవలేకపోతే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని వీపు మీద రెక్క ఎముకల మధ్య 5 దెబ్బలు, తరువాత వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య 5 నొక్కులు, వస్తువు బయటికి వచ్చేదాకా మార్చిమార్చి చేయాలి.

అరండల్‌పేట_మావయ్య

ఫిట్స్ గురించి ఎవరూ రాయలేదు. మా మేనల్లుడికి జ్వరంలో ఫిట్స్ వస్తే ఉల్లిపాయ దంచి వాసన చూపించాం, చేతిలో తాళాలు పెట్టాం, రెండు నిమిషాల్లో ఆగిపోయింది. పాత పద్ధతులను కొట్టిపారేయకూడదని నేను నమ్ముతాను.

సిస్టర్_కొత్తపేట

మీ మేనల్లుడు క్షేమంగా ఉన్నందుకు సంతోషం. అయితే ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో జ్వరంతో వచ్చే ఫిట్స్ చాలావరకు కొద్ది నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. ఆ సమయంలో చేతిలో ఏది ఉంటే దానికి పేరు దక్కుతుంది. తాళాల వల్ల హాని లేకపోవచ్చు గాని, వాటిని వెతికే సమయంలో పిల్లను పక్కకు తిప్పి, గడియారం చూసుకోవాలి. నోట్లో చెంచా, వేలు, నీళ్లు ఏవీ పెట్టకూడదు. ఐదు నిమిషాలు దాటితే అది తనంతట ఆగదని భావించి 108కు ఫోన్ చేయాలి. ఇంతకు ముందు ఎక్కువసేపు ఫిట్స్ వచ్చిన పిల్లలకు ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే వైద్యులు రాసి ఇస్తారు, అది ఇంట్లో ఉంచుకోవడం మేలు. తొలిసారి ఫిట్స్ అయితే ఆగిపోయినా ఆ రోజే చూపించాలి, ముఖ్యంగా మెడ బిగుసుకున్నా, మళ్లీ తెలివి రాకున్నా.

అరండల్‌పేట_మావయ్య

గడియారం మాట నాకు నచ్చింది. ఆ కంగారులో రెండు నిమిషాలు కూడా గంటలా తోచింది.

పీజీ_గుంటూరు

ఫిట్స్‌తో వచ్చినా, మగతగా వచ్చినా చక్కెర చూడడం మరవకూడదని మా సీనియర్లు చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతారు. చక్కెర తగ్గడమే కాదు, పెరగడం కూడా కారణం కావచ్చు. ఆయాసమని నెబులైజర్ పెట్టిస్తూ తిరిగిన ఒక పాపను చూశాను. ఊపిరి లోతుగా, వేగంగా ఉంది గాని ఛాతీలో పిల్లికూతలు లేవు, ఆక్సిజన్ బాగుంది, నాలుక ఎండిపోయింది. కొద్ది వారాలుగా బాగా నీళ్లు తాగుతోందని, రాత్రి పక్క తడుపుతోందని తల్లి చెప్పింది. అది టైప్ 1 మధుమేహం తొలిసారి బయటపడిన తీరు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్న పిల్ల ఎందుకు ఆయాసపడుతోందని ఒక్కరు ప్రశ్నించుకుంటే ఒక్క చుక్క రక్తంతో తెలిసిపోయే జబ్బు అది.

మందులకొట్టు_గవర్నరుపేట

మా కౌంటరు దగ్గర ప్రతిరోజూ చెప్పే సంగతులు రాస్తాను. పారాసిటమాల్ చుక్కల మందూ సిరప్పూ ఒకటి కావు. చుక్కల మందు ఒక మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములు ఉంటుంది, సిరప్పులో ఎక్కువగా 5 మిల్లీలీటర్లకు 120 గాని 250 గాని ఉంటుంది. చుక్కల మందును సిరప్పు చెంచాతో పోస్తే అది విషమే. మోతాదు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, కనీసం నాలుగు గంటల ఎడం. డెంగీ అనుమానం ఉన్న రోజుల్లో ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ అడిగినా మేము ఇవ్వము.

ఓఆర్‌ఎస్ గురించి మరింత గట్టిగా చెప్పాలి. పేరులో ఆ మూడు అక్షరాలు పెట్టుకుని, తీపి ఎక్కువగా ఉన్న అట్టపెట్టె పానీయాలు ఏళ్ల తరబడి మందుల కొట్లలోనే అమ్ముడుపోయాయి. ఆ చక్కెర విరేచనాలను ఇంకా పెంచుతుంది. హైదరాబాదులోని పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఒంటరిగా పోరాడిన ఫలితంగా, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం పాటించని పానీయాల మీద ఆ పేరు ఉండకూడదని ఆదేశించింది. మీరు కొనవలసినది పొడి ప్యాకెట్టు. పెద్ద ప్యాకెట్టును ఒక లీటరు నీటిలో పూర్తిగా కలపాలి. గ్లాసుకు కొంచెం కొంచెంగా వేస్తే ఉప్పు పాళ్లు తప్పుతాయి.

మాచర్ల_బిడ్డ

పురుగుమందు సంగతి కూడా ఎవరైనా రాయండి, మా దగ్గర ఖాళీ డబ్బాలు ఇంట్లోనే పడి ఉంటాయి.

ఈఎంటీ_సత్తెనపల్లి

ఒంటి మీద పడితే బట్టలు విప్పేసి సబ్బుతో, ధారాళమైన నీటితో కడగండి, కడిగేవారు చేతులకు తొడుగు వేసుకోండి. తాగితే ఉప్పు నీళ్లు పోసి వాంతి చేయించకండి, కిరసనాయిలు తాగినప్పుడు మరీ వద్దు. డబ్బాను వెంట తీసుకురండి, దాని మీది మందు పేరే వైద్యుడికి దారి చూపుతుంది. నోట్లో చొంగ, చెమట, కంటిపాపలు చిన్నవి కావడం, ఆయాసం కనిపిస్తే ఏ మందో కనుక్కునేదాకా కూడా ఆగవద్దు.

పటమట_వాసి

ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు. వాలకం, ఊపిరి, చర్మం అన్న మూడింటినీ, సిస్టర్ గారి అంకెలనూ మా అపార్టుమెంటు లిఫ్టు పక్కన అంటిస్తున్నాను. ఒక్క ప్రశ్న మిగిలింది. వాంతులు చేసుకునే పిల్ల ఓఆర్‌ఎస్ తాగిన వెంటనే కక్కేస్తుంది, అప్పుడు ఏమి చేయాలి?

సిస్టర్_కొత్తపేట

గ్లాసుతో పట్టడం వల్లనే ఎక్కువమంది కక్కుతారు. రెండేళ్ల లోపువారికి నిమిషానికో రెండు నిమిషాలకో ఒక చెంచా, పెద్దవారికి గుక్కగుక్కగా పట్టండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మరింత నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపవద్దు. పట్టినదంతా కక్కేస్తున్నా, కళ్లు గుంటలు పడినా, పసిబిడ్డ మాడు లోపలికి పోయినా, పొట్ట మీద చర్మాన్ని పట్టి వదిలితే నెమ్మదిగా సర్దుకుంటున్నా, తాగడానికి కూడా ఓపిక లేకపోయినా చెంచా పక్కన పెట్టి ఆసుపత్రికి బయలుదేరండి. విరేచనాలు ఉంటే జింకు కూడా ఇవ్వాలి: 6 నెలల లోపు బిడ్డకు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆపైన 20, పద్నాలుగు రోజులు, విరేచనాలు ఆగిపోయినా సరే.